నీటి గీత ఎవరి కోసం?

ఈ స్మారకోపన్యాసం ఎవరి పేరిటో ఆ మాస్టారి పాండిత్యం గురించి మీకు నేను చెప్పాల్సిందేమీ లేదు. నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది వాళ్ల పెరటి గోడ. ఏ గొట్టం ఎటు పోతుందో, ఎక్కడ కట్టేయాలో దాని మీద బొగ్గుతో గీసి ఉంచారు. ఎందుకండీ అంటే, "రేపు నేను లేకపోతే విప్పేవాడికి తెలియొద్దట్రా?" అన్నారు. నా వాదమంతా ఆ బొగ్గుగీతలోంచి పుట్టిందే.

నీటి, మురుగు ఏర్పాట్ల చరిత్ర అనగానే చెప్పే మొహెంజొదారో ఇటుక కాల్వలు, రోములోని క్లోకా మాక్సిమా, 1858 నాటి దుర్గంధం తర్వాత లండన్‌లో బాజల్‌గెట్ కట్టించిన మురుగు సొరంగాలు మీకు తెలిసినవే. వాటిని దాటి నేరుగా ఇంగ్లండ్‌లోని కాంటర్‌బరీకి వెళ్తాను.

అక్కడి క్రైస్ట్ చర్చ్ మఠానికి 1167లో చనిపోయేదాకా వైబర్ట్ అధిపతి. ఊరి బయటి ఊట నుంచి మఠానికి గొట్టాల్లో నీళ్లు తెప్పించాడు. ఆ ఏర్పాటు పటం ఈడ్విన్ సాల్టర్ అనే కీర్తనల ప్రార్థన గ్రంథంలో ఉంది. ఆ గ్రంథం కేంబ్రిడ్జి ట్రినిటీ కాలేజీలో భద్రంగా ఉంది. ఊట, మడ్డి దిగే ఐదు తొట్లు, పొలం, ద్రాక్షతోట, నగరం గోడ, చేతులు కడుక్కునే చోటు, చేపల కొలను అన్నీ అందులో కనిపిస్తాయి. వచ్చే నీటికి ఒక రంగు, పోయే నీటికి ఇంకొకటి. వాడేసిన నీరూ, కప్పుల మీది వాననీరూ మరుగుదొడ్ల కింది కాల్వను కడుగుతూ బయటికి పోతాయి.

ఈ పటం ఎందుకు గీశారు? 1868లో రాబర్ట్ విల్లిస్ దీన్ని చేతబట్టుకుని మఠం గోడలను ఒక్కొక్కటిగా గుర్తుపట్టారు. 1991లో క్లౌస్ గ్రేవే దీన్ని నీటి సాంకేతికతకు సాక్ష్యంగా చదివారు. 2011లో పీటర్ ఫెర్గుసన్ వైబర్ట్ నిర్మాణాలను మఠ సంస్కరణ ఆదర్శాల వెలుగులో చూశారు. ఆ చదువు విలువైనదే. అయితే దాన్ని ఆసరా చేసుకుని "ఇది కీర్తి కోసం గీసిన బొమ్మ, పనివాడి పటం కాదు" అనేవారితో నాకు పేచీ.

వాళ్ల మొదటి అభ్యంతరం: పటానికి కొలత లేదు. నిజమే, కొలత లేదు. వరస ఉంది. ఏ తొట్టి తర్వాత ఏ తొట్టి, ఏ గొట్టం దేన్నుంచి చీలింది అన్నది తప్పకుండా ఉంది. గొట్టం పూడిపోయిన రోజు పనివాడికి ముందు కావలసింది ఆ వరసే.

రెండో అభ్యంతరం: ప్రార్థన గ్రంథంలోని బొమ్మ పనివాడి కంట పడుతుందా? మన ఇళ్లలో పొలం దస్తావేజులు దేవుడి పెట్టెలో ఉండేవి, పిల్లల పుట్టిన ఘడియలు రామాయణం చివరి అట్ట మీద రాసేవారు. పోగొట్టుకోకూడని కాగితం పోని చోట దాస్తారు.

అసలు సాక్ష్యం బావి పక్కనున్న రాత. గొట్టపు నీళ్లు ఆగిపోతే ఈ బావిలోంచి తోడి పక్కనున్న స్తంభంలో పోస్తే అన్ని విభాగాలకూ అందుతాయని అది చెబుతుంది. కీర్తి చాటే బొమ్మలో, ఏర్పాటు పాడైతే ఏం చేయాలో ఎవరు రాస్తారు?

దీని పక్కన సుమారు 820 నాటి సెయింట్ గాల్ పటం పెట్టి చూడండి. అది ఒక ఆదర్శ మఠానికి గీసిన పటం. మరుగుదొడ్లున్నాయి, నీటి గీత లేదు. 1975లో వాల్టర్ హార్న్ దానికి నీటి దారులు ఊహించి చూపారు. ఆయన శ్రమకు నమస్కరిస్తాను, కానీ గీయని కాల్వను మనం అతికించకూడదు. ఆదర్శాన్ని గీసినవాడికి నీళ్లు గుర్తు రాలేదు. రేపటి మరమ్మతును తలచినవాడికి నీళ్లే ముందు గుర్తొచ్చాయి.

అందుకే నేనిప్పుడు మన మున్సిపాలిటీల పాత డ్రైనేజీ పటాలు వెతుకుతున్నాను. ట్రేసింగ్ క్లాత్ మీద చక్కటి చేతిగీతలు దొరుకుతున్నాయి. వాటిని పరిచి, లోపలికి దిగిన కార్మికులను పక్కన కూర్చోబెట్టుకుని, ఎక్కడ లోతు, ఎక్కడ గ్యాస్ కమ్ముతుంది, ఏ మ్యాన్‌హోల్ రోడ్డు కింద కప్పబడిపోయిందో వాళ్ల మాటల్లోనే రాసుకుంటున్నాను. రక్షణ లేకుండా మనిషిని మురుగులోకి దింపడాన్ని 2013 చట్టం నిషేధించింది. ఇంకా దింపుతూనే ఉన్నారు, చనిపోతూనే ఉన్నారు. బావి పక్కన రాసిపెట్టిన ఆ ఒక్క వాక్యంలాంటిది మన పటాల్లో ఇంతవరకూ నాకు కనిపించలేదు. ఆ వాక్యాలు ఇప్పుడు వాళ్లు చెబుతున్నారు, నేను రాస్తున్నాను. మాస్టారి పేరిట ఇచ్చిన ఈ గౌరవాన్ని ఆ పనికే వాడుకుంటాను.