భాగ్యరెడ్డివర్మగారు నేర్పిన పాఠము



నేడు నేను మీకు జ్ఞాపకము చేయదలచినది మాదరి భాగ్యరెడ్డివర్మగారి చరిత్రము. ఆయన 1888వ సంవత్సరము మే 22వ తేదీన హైదరాబాదు నగరమున, లోకము అంటరానిదని దూరముగా నుంచిన యొక కుటుంబమునందు జన్మించెను. 1939 ఫిబ్రవరి 18వ తేదీన ఆ నగరముననే కాలధర్మము నొందెను. ఏబదియొక్క యేండ్లు నిండని యా జీవితములో ఆయన చేసిన కార్యములు పెక్కులు. వానిలో ముఖ్యముగా ఒక్కదానిని గూర్చి మనవి చేసెదను.

అంతకు ముందు నా స్వవిషయ మొకటి చెప్పుకొనవలసియున్నది. 1984లో గ్రామాధికారుల పదవులు రద్దగువరకు నేను కృష్ణాతీరమందలి యొక చిన్న గ్రామమునకు మునసబుగా నుంటిని. జనన మరణముల లెక్క వ్రాయు పని నాదే. ఒకనాటి యుదయమున మాలపల్లె నుండి యొక పడుచువాడు వచ్చి, తన తండ్రి రాత్రి చనిపోయెనని చెప్పెను. ఆ తండ్రి మా యింటి పాలేరు. ముప్పది యేండ్లు మా పశువులను మేపినవాడు. మా కళ్లములో ధాన్యము తూర్పారబట్టినవాడు. చిన్ననాడు నన్ను భుజముపై నెక్కించుకొని వాగు దాటించినవాడు. నేను పుస్తకము తెరచి, కలము పట్టి, పేరు వ్రాయవలసినచోట ఆగిపోతిని. ఆయనను మా యింటిల్లిపాదియు "ఓరీ" యనియో, కులము పేరుననో పిలిచినవారమే గాని, ఆయన కొక పేరున్నదని విచారించినవారము కాము. "మీ నాయన పేరేమిరా?" యని యడిగితిని. ఆ కుమారుడు నావంక చూచిన చూపు నేటికిని నేను మరువలేదు. వాడు పేరు చెప్పెను, నేను వ్రాసితిని. జరిగినది అంతమాత్రమే. కాని ముప్పది యేండ్లలో ఆ పేరు నేను వినుట అదియే మొదటిసారి.

ఆ తరువాత కొన్నాళ్లకు భాగ్యరెడ్డివర్మగారి చరిత్రము చదివితిని. మా యింట జరిగిన యపరాధమేమో అప్పుడు నాకు తెలిసెను.

ఆయనకు తలిదండ్రులు పెట్టిన పేరు భాగయ్య. వారి యింటి శైవగురువు దానిని భాగ్యరెడ్డి యని మార్చెనట. "రెడ్డి" యను మాట "ఱేడు" అను మాట నుండి వచ్చినదనియు, ఈ జనులు పూర్వకాలమున ఈ నేలకు దొరలనియు ఆ గురువుయొక్క తలంపు. "వర్మ" యను బిరుదమును 1913లో ఆర్యసమాజమువారొసగిరి. ఇట్లు తన పేరునుండియే ఆయనకొక సంగతి బోధపడెను: మనుష్యుని నీచునిగా జేయుటకు ముందు నీచమైన పేరు పెట్టుదురు, వాడు తిరిగి తలయెత్తుటకు మొదట ఆ పేరును త్రోసివేయవలెను.

పదునెనిమిదేండ్ల ప్రాయమున, 1906లో, ఆయన జగన్మిత్రమండలి యను సంఘమును స్థాపించెను. చదువురాని తనవారికి హరికథలచేతను భజనలచేతను జ్ఞానము బోధించుట దాని పని. 1910లో హైదరాబాదు ఇసామియా బజారులో బాలురకు పాఠశాల తెరచెను. 1911లో ఆ మండలికి మాన్యసంఘమని పేరు మార్చెను. మాన్యులనగా గౌరవింపదగినవారు. లోకము తాకనొల్లని జనులు తమ సంఘమునకు ఆ పేరు పెట్టుకొనుట ఆ దినములలో సామాన్యసాహసము కాదు.

ఇక ఆయన పేరు తెలుగుదేశమంతట వ్యాపించిన సందర్భమును చెప్పెదను. ఆ కాలమున హైదరాబాదు నిజాముగారి రాజ్యము. బెజవాడ చెన్నపురి రాజధానిలోని పట్టణము. 1917 నవంబరు మాసమున బెజవాడలో "పంచమ" మహాసభ కూడెను. దానికి అధ్యక్షత వహింపుమని హైదరాబాదునుండి భాగ్యరెడ్డివర్మగారిని పిలిపించిరి. అప్పటికాయన వయస్సు ఇరువదితొమ్మిదేండ్లు. సభ జరిగిన దినములలో కనకదుర్గమ్మవారి గుడి తలుపులు మూసిరని నేటికిని చెప్పుకొందురు. అట్టి పట్టణమున ఆయన అధ్యక్షపీఠ మెక్కి మొట్టమొదట ప్రశ్నించినది ఆ సభ పేరునే. పంచములనగా నేమి? నాలుగు వర్ణములకు వెలుపలి యైదవవారని యర్థము. ఈ పేరు మాకెవరు పెట్టిరి? మేమెప్పు డంగీకరించితిమి? ఈ నేలకు మొదటివారము మేమే. కావున మేము పంచములము కాము, ఆదిఆంధ్రులము. ఇదియే ఆయన వాదముయొక్క సారము. సభవారు దీనిని సమ్మతించిరి. పంచమసభగా ఆరంభమైనది ఆదిఆంధ్రసభగా మారెను.

ఆ మాట సభతో సమసిపోలేదు. చెన్నపురి ప్రభుత్వము 1922లో తన కాగితములలో పంచమ శబ్దమును విడిచి ఆదిఆంధ్ర, ఆదిద్రావిడ నామములను గ్రహించెను. నిజాము రాజ్యమున 1931 జనాభా లెక్కలలో ఆదిహిందువులను పేరు ఎక్కెను.

పేరు మారినంతమాత్రమున కడుపు నిండునా యని మీలో కొందరడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. ఆ సంగతి ఆయనకును తెలియును. అందుచేతనే సభలతో తృప్తినొందక పాఠశాలలను పెంచెను. కాలక్రమమున అవి ఇరువదియారయ్యెను. రెండువేలకు మించిన పిల్లలు వానిలో చదువుకొనిరి. తనవారి తగవులు తీర్చుటకు పంచాయతీలు నెలకొల్పెను. 1931లో భాగ్యనగర్ అను పత్రికను నడపి, అందులో "వెట్టి మాదిగ" యను కథను స్వయముగా వ్రాసి, కూలి లేని చాకిరి యెట్టిదో లోకమునకు చూపెను.

మరియొక సంగతి గమనింపుడు. ఎదుటివారి తప్పును చెప్పుట సులభము, తనవారి తప్పును చెప్పుట కష్టము. ఆయన తన పేటలకే పోయి, కల్లు మానుడనియు, జంతుబలులు మానుడనియు, పసిబిడ్డలకు పెండ్లిండ్లు చేయవద్దనియు, ఆడుబిడ్డలను జోగినులుగా దేవతకు విడువవద్దనియు నిర్భయముగా చెప్పెను. పైవారి కోపమునకును, తనవారి నిష్ఠూరమునకును సమముగా నోర్చిన ఈ ధైర్యమునే నేను మిక్కిలిగా మెచ్చుకొందును.

ఆయన మరణించిన పదునొకండేండ్లకు, 1950 జనవరి 26న, మన రాజ్యాంగము అమలులోనికి వచ్చినది. దాని 17వ అధికరణము అస్పృశ్యతను నిషేధించినది. 1955లో పుట్టిన చట్టమునకు 1976లో పౌరహక్కుల పరిరక్షణ చట్టమని పేరు వచ్చినది. 1989లో మరింత కఠినమైన చట్టము వచ్చినది. కులము పేరెత్తి మనుష్యుని అవమానించుట నేడు నేరము. అయినను చట్టము కచేరీ గడప వరకు వచ్చును గాని, మన నాలుక మీదికి రాదు. అచ్చటికి దానిని తెచ్చుకొనవలసినవారము మనమే.

పెద్దలారా, మన మాట గ్రామమున చెల్లును. పిల్లలు మనలను చూచి పలుకుట నేర్చుకొందురు. తాత "ఓరీ" యని పిలిచినవానిని మనుమడు "అన్నా" యని యెట్లు పిలుచును? తన తండ్రి వయస్సువానిని బాలుడు ఏకవచనమున పిలుచుచుండగా మనము అరుగుమీద కూర్చుండి వినుచు నూరకుంటిమేని, ఆ దోషము బాలునిది కాదు.

కావున నా విన్నప మొక్కటే. రేపుదయమున మీ యింటికిగాని, పొలమునకుగాని పనికి వచ్చినవారిలో ఎవరి పేరు మీకు తెలియదో వారిని మర్యాదగా అడుగుడు. పేరు తెలిసికొని ఆ పేరుననే పిలువుడు. వారు పెద్దవారైనచో అయ్య యనియో, అమ్మ యనియో చేర్చుడు. మొదట మీ నోటికే క్రొత్తగా తోచును. నాలుగు దినములలో అలవాటగును. నేను ఆ పడుచువానిని నా తప్పు మన్నింపుమని యడుగవలెనని తలంచి, వాని యింటికి పోవుటకు ఆరు నెలలు జంకితిని. పోయిన దినమున వాడు నాకు మంచము వాల్చి, మంచినీళ్లిచ్చి, "దానికేమిలెండి అయ్యా" యనెను. ఆ యొక్క మాటలో వానికి గల పెద్దరికము, ముప్పది యేండ్లలో మా యింటిలో నెవరికిని లేకపోయెను.

భాగ్యరెడ్డివర్మగారు బెజవాడలో నడిగిన ప్రశ్నకు మహాసభలును ప్రభుత్వములును తమ సమాధానము చెప్పినవి. మన గ్రామములు చెప్పవలసిన సమాధానము ఇంకను మిగిలియున్నది. అది రేపుదయముననే ఆరంభమగుగాక.

సెలవు.