ఏడాది పొడవునా పని, బిడ్డ ఎవరి దగ్గర?



హోసూరులో కాపురం, సరిహద్దు దాటి అత్తిబెలెలో ఉద్యోగం. ఇలాంటి తల్లులు ఈ ప్రసంగం వింటున్నవారిలో చాలామందే ఉంటారు. వారికి జనవరి నెల ఎలా గడుస్తుందో చూడండి. తమిళనాడులో పొంగల్ తరువాత తిరువళ్ళువర్ దినం, ఉళవర్ తిరునాళ్ అని వరుసగా ప్రభుత్వ సెలవులు. కర్ణాటకలో సంక్రాంతి ఒక్కరోజుతో సరి. ఇక్కడ బాల్వాడి మూసి ఉంటుంది, అక్కడ ఫ్యాక్టరీ నడుస్తూ ఉంటుంది. నవంబరు 1న అంతా తలకిందులు. రాజ్యోత్సవం గనుక ఫ్యాక్టరీకి సెలవు, ఇక్కడ బడి ఉంటుంది. ఆ రోజు బాధ లేదు, తల్లి ఇంట్లోనే ఉంటుంది. మన ఉగాదికి మాత్రం రెండు వైపులా సెలవే, అంతవరకు సంతోషం.

బిడ్డను చూసుకునే చోటు వెతికేటప్పుడు మనం ఏమడుగుతాం? నెలకు ఎంత, అన్నం పెడతారా, ఆయా మంచిదేనా అని. అడగవలసినవే. కాని 'సంవత్సరంలో ఏయే రోజులు మూసేస్తారు?' అని అడిగేవారు తక్కువ. ఉద్యోగం చేసే తల్లికి అన్నిటికంటే ముందు కావలసిన జవాబు అదే.

అంగన్‌వాడీల పథకం 1975 అక్టోబరు 2న మొదలైంది. పౌష్టికాహారం, టీకాలు, ఆటపాటలు దాని ఉద్దేశాలు. తల్లి షిఫ్టు ముగిసేదాకా బిడ్డను ఉంచుకోవడానికి పెట్టింది కాదది. ఆ అవసరానికి వేరే శిశుగృహాలున్నాయి. ఆరు నెలల నుంచి ఆరేళ్ల దాకా పిల్లలను చేర్చుకునే కేంద్ర పథకానికి 2022 నుంచి 'పాల్నా' అని పేరు. నెలకు 26 రోజులు, రోజుకు ఏడున్నర గంటలు తెరిచి ఉంచాలని దాని నియమం. ఇప్పుడు లెక్క వేయండి. ఎనిమిది గంటల షిఫ్టు, అరగంట భోజన విరామం, రానుపోను బస్సుకు గంటన్నర అనుకున్నా పది గంటలు. రెండున్నర గంటలు మిగిలిపోయాయి. ఆ రెండున్నర గంటలు ఎవరివి?

చాలా ఇళ్లలో అవి పెద్ద కూతురివి. నాలుగో తరగతి పిల్ల తమ్ముణ్ణి చంకనేసుకుని గుమ్మంలో కూర్చుంటుంది. మొదట సాయంత్రాలు, తరువాత పండుగ సెలవులు, ఆ తరువాత బడి ఉన్న రోజులు కూడా. ఎవరూ కావాలని మానిపించరు. అలా జరిగిపోతుంది, అంతే.

50 మంది, అంతకు మించి పనిచేసే సంస్థ శిశుగృహం ఏర్పాటు చేయాలనీ, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోనివ్వాలనీ 2017లో చట్టం వచ్చింది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఆ నియమం ఉంది. మీ కంపెనీలో దీని సంగతి అడిగారా? ఒక్కరే అడగడానికి జంకు అనిపిస్తే నలుగురు కలిసి అడగండి.

ఇంటి పక్క అవ్వ చూస్తానంటే మంచిదే. అయితే ఊరికే చూడమనకండి. నెలకు ఇంత అని మాట్లాడుకోండి. డబ్బు ముట్టినప్పుడు 'రేపు నేను ఊరికి పోతున్నా' అని ముందుగా చెప్పే బాధ్యత ఆవిడకూ ఉంటుంది.

ఆయా తమిళమో కన్నడమో మాట్లాడేదైతే భయపడనక్కరలేదు, పిల్లలు త్వరగానే అందుకుంటారు. మీ బిడ్డ నీళ్లకు, నొప్పికి, ఒంటికి పోవడానికి ఏ మాట అంటాడో మాత్రం మొదటి రోజే ఆవిడకు చెప్పండి.

రెండు రాష్ట్రాల సెలవుల జాబితాలు పక్కపక్కన పెట్టుకుని, మీకు పని ఉండి బాల్వాడి లేని రోజులకు సున్నా చుట్టండి. వచ్చే పొంగల్‌కు ఎవరు చూస్తారో దసరా నాటికే మాట్లాడుకోండి. కొత్త మనిషి దగ్గర బిడ్డ ఏడవకుండా ఉండడానికి కొన్నాళ్లు పడుతుంది మరి. సెలవు.