ఫిడేలు నాయుడుగారు

మన భద్రాద్రి సీమలో సంగీతమునకు లోటు లేదు. నేలకొండపల్లిలో జన్మించిన కంచెర్ల గోపన్నగారి కీర్తనలు మన భజన గోష్ఠులలో నేటికిని వినవచ్చుచున్నవి. అడవి యంచున కొమ్ముకోయలు డోళ్లు ధరించి యాడునప్పుడు పలువురి చేతులు ఒక్క లయకు లోబడుట మనము చూచుచునే యున్నాము. కలిసి వాయించు విద్యకు మూలసూత్ర మిదియే: చేతికంటె ముందు చెవి పనిచేయవలయును. ఆ సూత్రమును జీవితమెల్ల నాచరించిన ద్వారం వెంకటస్వామినాయుడుగారిని గూర్చి నేడు మనవి చేసెదను.

ఫిడేలు ఐరోపానుండి వచ్చిన వాద్యము. ముత్తుస్వామి దీక్షితులవారి సోదరుడు బాలుస్వామి దీక్షితులు దానిని మన సంగీతమునకు అలవరచెను. పడమటి వాద్యబృందములలో పలువురు దానిని గడ్డము క్రింద నుంచుకొని, వ్రాసియున్న స్వరములను చూచుచు, కమానులను ఒక్కటిగా నడుపుదురు. మనవారు నేలపై కూర్చుండి, దాని కొనను కుడి చీలమండపై ఆనించి, కాగితము లేకయే గాయకుని వెంట నడతురు. గాయకుడు ఏ త్రోవ త్రొక్కునో ముందుగా తెలియదు. వినుటయే ఆధారము.

నాయుడుగారు 1893లో బెంగుళూరున జన్మించి, విశాఖపట్టణమున పెరిగిరి. ఆయనకు చూపు మందము. అన్నగారైన వెంకటకృష్ణయ్యగారే తొలి గురువు. 1919లో విజయనగర మహారాజావారి సంగీత కళాశాలలో ఆచార్యులైరి. అప్పుడు అధ్యక్షులు ఆదిభట్ల నారాయణదాసుగారు. 1936లో ఆ పీఠమును నాయుడుగారే అలంకరించిరి. పక్కవాద్యముగా నున్న ఫిడేలుతో, 1938లో వేలూరున ఒంటిగా కచేరి చేసి, అది ప్రధానవాద్యము కాగలదని చూపిరి. 1941లో మద్రాసు సంగీత విద్వత్సభవారు ‘సంగీత కళానిధి’ బిరుదము నిచ్చిరి. 1957లో పద్మశ్రీ లభించెను. 1964లో పరమపదించిరి.

‘దీనివలన కూడు దొరకునా?’ అని మీరు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. కచేరి నేడుండును, రేపుండదు. నాయుడుగారికి నిలుకడ నిచ్చినది కళాశాల కొలువు. విద్వాంసుని ప్రతిభకు వెనుక పోషించు సంస్థ యొకటి ఉండవలయును. అది రాజులే స్థాపింపవలయునను నియమము లేదు.

మన భజనలలో హార్మోనియము మేలు చేసినది, కాదనను. కాని దాని మెట్లు కదలవు. స్వరమునుండి స్వరమునకు జారు గమకము దానికి పలుకదు. ఫిడేలు తీగెకు పలుకును. గమకము వినని పిల్లలు గమకము లేకయే పాడుదురు. అట్లు రెండు తరములు గడచినచో కీర్తనలో మాటలు మిగులును, రాగము చెడును.

కావున నా ప్రార్థన యొక్కటి. శ్రీరామనవమి ఉత్సవమునకై వసూలు చేయు సొమ్ములో కొంత భాగము ఒక ఫిడేలు విద్వాంసునికిని, ఆయనవద్ద నేర్చుకొను ఒక బిడ్డకును కేటాయింపుడు. ఒక యేడు చాలదు, పదియేండ్లు సాగవలయును. చూపు తక్కువైన బిడ్డ మీ యూర నున్నచో, ‘వీనికి విద్య రాదు’ అని త్రోసివేయకుడు. ముందు వాని చెవిని పరీక్షింపుడు.