కొత్త ఇల్లు - గుడారపు పాఠము

(రేడియో ప్రసంగము)

వాక్యభాగము: లేవీయకాండము 23:39-43, నెహెమ్యా 8:13-18

 

ఈ దినం మీతో ఇంటిని గురించి మాట్లాడాలని ఆశపడుతున్నాను. మా ఇంట్లో జరిగిన సంగతితోనే మొదలుపెడతాను. ఇందులో నన్ను నేను మెచ్చుకొనే మాట ఒక్కటీ లేదు. అయినా మీకు మేలు కలుగుతుందని చెబుతున్నాను.

క్రిస్మస్ ఆరాధనలు ముగిసిన వారంలోనే మేము ఇల్లు మారాము. ఇంతకుముందు పరిచర్య చేసిన ఊళ్లో మాది పెంకుటిల్లు. వాకిట్లో జామచెట్టు ఉండేది. ఇప్పుడు చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయానికి కాస్త దూరంలో, అశోక్ నగర్ సందులో రెండో అంతస్తు పోర్షన్. మా పాపకు ఆరేళ్లు, బాబుకు నాలుగు. వచ్చిన మొదటి రాత్రి పాప నన్నడిగింది, "నాన్నా, మన ఇంటికి ఎప్పుడు వెళ్దాం?" ఇదే మన ఇల్లమ్మా అన్నాను. నమ్మలేదు. రెండో రాత్రీ అదే ప్రశ్న, వారం గడిచినా అదే ప్రశ్న.

నా సంగతి చెబుతాను. అడ్వాన్సు కట్టాను, సామాను తెచ్చిన లారీకి ఇచ్చాను, వంటింటి అరల కోసం వడ్రంగికి కొంత ఇచ్చాను. పెట్టెలు నడవలో పేర్చి ఉన్నాయి. బైబిలు ఏ పెట్టెలో ఉందో వెదకడానికి రెండు రోజులు పట్టింది. కుటుంబ ప్రార్థన "ఇల్లు సర్దుకున్నాక" అని వాయిదా వేశాను. ప్రియులారా, ఇతరుల గృహప్రవేశాలకు వెళ్లి వాక్యం చెప్పే సేవకుని ఇంట్లో పది రోజులు కుటుంబ ప్రార్థన లేదు.

సంక్రాంతి సెలవుల్లో సముద్రం చూపిస్తానని పిల్లలకు ఎప్పుడో మాట ఇచ్చి ఉన్నాను. ఈ సంవత్సరానికి వద్దన్నాను. అప్పుడు నా భార్య ఒక్క మాట అన్నది: "ఏమండీ, పెట్టెలు ఎక్కడికీ పోవు. పిల్లల వయసు పోతుంది." ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

సికిందరాబాదులో రాత్రి బండి ఎక్కి బాపట్లలో దిగాము. అక్కడినుండి సూర్యలంక తీరం 9 కిలోమీటర్లు. ఆ చుట్టుపక్కల ఒక మత్స్యకార పల్లెలో నాతో చదువుకున్న సేవకుడు పరిచర్య చేస్తున్నాడు. పల్లె పెద్దల అనుమతితో సరుగుడు తోట పక్కన మా చిన్న డేరా వేసుకున్నాము. రెండు రాత్రులు అక్కడే.

డేరా వేయడం నాకు తెలుసుననుకున్నాను. మేకులు కొట్టాను, తాళ్లు బిగించాను. సాయంకాలం సముద్రపు గాలి లేచేసరికి మేకులన్నీ ఇసుకలోనుండి ఊడి వచ్చాయి. పిల్లలు నవ్వారు. ఒక పెద్దాయన వచ్చి, "అయ్యగారూ, ఇసకలో మేకు నిలబడదండి" అని, నాలుగు గోనెసంచులు తెప్పించి ఇసుక నింపించాడు. మోకాలి లోతు గుంటలు తీసి, సంచులకు తాళ్లు కట్టి వాటిని పూడ్పించాడు. ఇక డేరా కదలలేదు. మరో మాట కూడా చెప్పాడు. ఎండిన నాచు, గవ్వలు వరుసగా పడివున్న గీత చూపించి, "పోటు నీళ్లు అందాకా వస్తాయి, పున్నమికీ అమాసకీ ఇంకా పైకొస్తాయి. డేరా దానికి బాగా ఎగువనుండాలి" అన్నాడు.

ఆ రాత్రి కిరోసిన్ లాంతరు వెలుగులో 1977 నవంబరు 19 ఉప్పెన గురించి ఆయన చెప్పాడు. అప్పటికి ఆయన చిన్నపిల్లవాడు. దివిసీమలోను, ఈ తీరంలోను పది వేలకు పైగా ప్రాణాలు పోయిన దినమది. "గుడిసెలూ పోయినై, మేడలూ పోయినై అయ్యగారూ" అన్నాడు. మా పాప ఊపిరి బిగబట్టి విన్నది.

మరునాటి ఉదయం జరిగినది చెప్పడానికి నాకు ఇప్పటికీ గొంతు పెగలదు. నా భార్య పాపను తీసుకొని పల్లెలోకి వెళ్లింది. బాబు నా పక్కన ఇసుకతో ఇల్లు కడుతున్నాడు. ఫోను మోగింది. వడ్రంగి. అరలు ఎంత ఎత్తులో పెట్టాలి, గడప ఎటు వైపు అని మాట్లాడుతూ సముద్రానికి వీపు తిప్పాను. రెండు నిమిషాలో మూడు నిమిషాలో. కేక విని తిరిగేసరికి, చేపల గంప కింద పడేసి ఒక స్త్రీ నీళ్లలోకి పరుగెత్తుతోంది. మోకాలి లోతు నీళ్లలో పడిపోయిన బాబును, వెనక్కి లాగుతున్న అల నుండి ఆమె జబ్బ పట్టి లేపింది. తెచ్చి నా చేతిలో పెట్టి, "ఏందయ్యా, సముద్రం కాడ పిల్లోణ్ణి వదిలేసి ఫోను మాట్టాడతన్నావా?" అన్నది. నేను పాస్టరునని ఆమెకు తెలియదు. తెలిసినా అదే అనాలి.

ఆ తీరాన స్నానానికి దిగి ప్రాణాలు పోగొట్టుకొన్న యౌవనస్థుల వార్తలు మనం ఎన్నోసార్లు విన్నాము. నా బిడ్డను ప్రభువు ఆమె చేతుల ద్వారా నాకు తిరిగి ఇచ్చాడు. ఫోనులో వడ్రంగి ఇంకా "సార్, సార్" అంటూనే ఉన్నాడు. ఎవరికోసం ఆ ఇల్లు సర్దుతున్నానో, వారినే ఆ ఇంటి ధ్యాసలో పోగొట్టుకోబోయాను.

ఆ మధ్యాహ్నం డేరాలో కూర్చొని, పది రోజుల తరువాత మేము నలుగురం కలిసి బైబిలు తెరిచాము. లేవీయకాండము 23వ అధ్యాయం చదువుకున్నాము. ప్రియులారా, ఈ పండుగ ఎవరికి ఇవ్వబడిందో గమనించండి. అరణ్యంలో ఉన్నవారికి డేరాల్లో ఉండమని వేరే ఆజ్ఞ అక్కరలేదు, వారు ఎలాగూ అందులోనే ఉన్నారు. ఇది వాగ్దాన దేశంలో ఇళ్లు కట్టుకోబోయే వారికి ఇచ్చిన ఆజ్ఞ. పంట ఇంటికి చేరి కడుపు నిండిన ఏడవ నెలలో, గట్టి గోడలు విడిచి ఏడు దినములు పర్ణశాలల్లో కాపురముండమన్నాడు దేవుడు. హెబ్రీ భాషలో ఆ పండుగ పేరు సుక్కోత్, అనగా పర్ణశాలలు. ఈ పండుగ మూడు సంగతులు నేర్పుతుంది.

మొదటిది, ఇది పిల్లల కోసమైన పాఠం. ఐగుప్తునుండి రప్పించినప్పుడు తమ పితరులను దేవుడు పర్ణశాలల్లో నివసింపజేశాడని రాబోయే తరాలవారు ఎరగాలనేదే అక్కడ చెప్పబడిన కారణం. మంచి ఇళ్లు కట్టించుకొని కాపురమున్నప్పుడు మనస్సు గర్వించి దేవుని మరచిపోయే అపాయమున్నదని ద్వితీయోపదేశకాండము 8వ అధ్యాయం హెచ్చరిస్తుంది. తల్లిదండ్రులారా, మీ పిల్లలకు ఇల్లు ఇవ్వండి, తప్పు లేదు. అయితే ఆ ఇంట్లో మీరు వారికి దొరుకుతున్నారా?

రెండవది, నిలబెట్టేది పైకి కనబడదు. మా డేరాను నిలిపింది మెరిసే మేకులు కాదు, ఇసుక కింద పూడ్చిన సంచులు. కుటుంబాన్ని నిలిపేవి కూడా అలాంటివే: రాత్రి కలిసి చేసే ప్రార్థన, భార్యాభర్తలు ఒకరినొకరు క్షమించుకోవడం, ఇచ్చిన మాట నిలుపుకోవడం. అబ్రాహాము గుడారాల్లో నివసించాడు గాని అతనికి పునాదులు లేకపోలేదు. దేవుడు కట్టిన పునాదులుగల పట్టణం కోసం అతడు ఎదురుచూశాడని హెబ్రీ పత్రిక 11వ అధ్యాయం చెబుతుంది. మా వీధులకు దగ్గరలోనే హుస్సేన్ సాగర్ నుండి మూసీకి వెళ్లే నాలా పారుతుంది. 2000 ఆగస్టు వానలకు పల్లపు ఇళ్లలోకి నీళ్లు వచ్చిన సంగతి పాత కాపురస్థులు ఇప్పటికీ చెబుతారు. తీరమైనా నగరమైనా, మన గోడలు మనలను రక్షించలేవు.

మూడవది, గుడారపు తలుపు పరదేశికి తెరిచి ఉండాలి. ద్వితీయోపదేశకాండము 16వ అధ్యాయంలో ఈ పండుగకు ఎవరెవరు రావాలో ఉంది: కుమారుడు, కుమార్తె, దాసుడు, దాసి, లేవీయుడు, పరదేశి, తండ్రిలేనివాడు, విధవరాలు. మేము తిరిగి వచ్చాక ఈ మాట నన్ను వెంటాడింది. చిక్కడపల్లి, అశోక్ నగర్ సందుల్లో గ్రూపు పరీక్షలకు చదువుకొనే యౌవనస్థులు ఎందరో గదికి నలుగురు చొప్పున, ట్రంకు పెట్టెలతో, పుస్తకాల కట్టలతో బ్రతుకుతున్నారు. వారివి గుడారాలు కాక మరేమిటి? మా పై అంతస్తులోనే ఇద్దరున్నారు. మూడు వారాలుగా మెట్ల మీద ఎదురుపడుతున్నా పేర్లు అడగలేదు.

నెహెమ్యా కాలంలో జనులు పర్ణశాలలు ఎక్కడ కట్టుకున్నారో తెలుసా? తమ ఇళ్ల మిద్దెల మీద, ముంగిళ్లలో. మేము వచ్చిన శనివారం పిల్లలు డేరాను డాబా మీద వేయమన్నారు. అక్కడ మేకులు కొట్టడానికి లేదు. పుస్తకాలున్న పెట్టెలు నాలుగు మూలలా పెట్టి తాళ్లు కట్టాము. దూరంగా ఉక్కు వంతెన దీపాలు, నారాయణగూడ వైపు మెట్రో వెళ్లే చప్పుడు. పై అంతస్తు తమ్ముళ్లిద్దరినీ భోజనానికి పిలిచాము. పప్పు, చేపల పులుసు. వారిలో ఒకడు ముద్ద నోట పెట్టుకొని కాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఇల్లు విడిచి వచ్చి రెండేళ్లయిందండి, ఇట్లా కింద కూర్చొని అందరితో తిని" అన్నాడు.

ఆ రాత్రి పాప నన్నడిగింది, "నాన్నా, ఈ ఇల్లు కూడా డేరాయేనా?" అవునమ్మా అన్నాను. "అయితే దేవుడు ఇక్కడికి కూడా వస్తాడా?"

ప్రియ సహోదరీ సహోదరులారా, ఆ ప్రశ్నకు జవాబు యోహాను సువార్త మొదటి అధ్యాయంలో ఉంది. వాక్యము శరీరధారియై మన మధ్య నివసించిన సంగతిని చెప్పే 14వ వచనంలో యోహాను వాడిన గ్రీకు మాటకు గుడారము వేసుకొనుట అని అర్థం. తండ్రి మహిమను విడిచి, మన గుడారాల వరుసలో తానూ గుడారం వేసుకొన్న ప్రభువు ఆయన. తల వాల్చుకొనుటకు స్థలం లేనివాడైన ఆయనే మనకు స్థలం సిద్ధపరచడానికి వెళ్లాడు. పాపతో, "ఎప్పుడో వచ్చాడమ్మా, మనమే పెట్టెలు సర్దుకుంటూ చూడలేదు" అన్నాను. ఆ రాత్రి తరువాత ఆమె పాత ఇంటిని గురించి అడగలేదని చెప్పను. అడుగుతుంది. కాని అడిగి నిద్రపోతుంది.

ఈ మాట వింటున్నవారిలో కొత్త ఇంట్లో చేరినవారు ఉండవచ్చు, అద్దె ఇల్లు ఖాళీ చేయమన్నందుకు కంటతడి పెట్టేవారు ఉండవచ్చు. మీ పెట్టెలు ఇంకా విప్పకపోయినా సరే, ఈ రాత్రి మొదట బైబిలు తీయండి. పిల్లలను దగ్గరకు పిలవండి. రేపు పక్క తలుపు తట్టండి.

ప్రార్థన చేసుకుందాము. పరలోకమందున్న మా తండ్రీ, మా బిడ్డలను మా చేతుల్లో పెట్టి నీవు కాపాడుతున్నందుకు స్తోత్రములు. ఇంటి చింతలో నిన్నూ మా వారినీ మరచిన మా తప్పును క్షమించుము. గూడు లేనివారికి గూడు, ఒంటరివారికి కుటుంబం దయచేయుము. మా గుడారము విప్పబడే దినం వరకు మాతోనే ఉండుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమెన్.