ఉపన్యాసము

సికిందరాబాదు రైల్వే స్టేషనుకు చేరువలో రెజిమెంటల్ బజారు కలదు. దండు దిగిన చోట దండుకు సరుకులమ్ముటకు వెలసిన అంగడి గనుక ఆ పేరులో ఒక మాట ఇంగ్లీషు, ఒక మాట పారసీకము. ఆ ప్రాంతమున తెలుగు, ఉర్దూ, తమిళము, హిందీ మాటలాడు కుటుంబములు ఒకరి సరసన ఒకరు కాపురముండిరి. అట్టి వీధిలో "నేటి సాయంత్రము ఉపన్యాసము" అని కాగితమంటించిరనుకొనుడు. తెలుగువాడు సభకు బయలుదేరును. తమిళ గృహిణి పురాణ కాలక్షేపమని తలచును. హిందీ చదివినవాడు నవల యనుకొని, నవలకు వేళ యేమిటని తెల్లబోవును. ఉర్దూ వారి మాట వేరు, తఖ్రీరు. మన 'తకరారు' దానికి చుట్టము కాదు. అది తక్రార్ నుండి వచ్చినది. తక్రార్ అనగా మొదట అన్నదే అనుట. కొందరి తఖ్రీర్లు తకరార్లగుట కూడ కద్దు.

సంస్కృతమున 'ఉప' యనగా దగ్గర, 'న్యాసము' అనగా ఉంచుట. విషయమును తెచ్చి వినువాని చెంత నుంచుట ఉపన్యాసము. అమరకోశమున దీనికి 'వాఙ్ముఖము' అను అర్థము కలదు. అనగా మాటకు మొదలు మాత్రమే! పీఠిక ముగియకుండగనే గంట గడపు వక్తలను చూచినప్పుడు, అమరసింహుడు ముందుచూపు గలవాడే యనిపించును.

కందుకూరి వీరేశలింగము పంతులుగారి కాలమున వ్రాసిన వ్యాసమును గూడ ఉపన్యాసమనిరి. పంతులుగారు తమ 'రాజశేఖర చరిత్రము'ను వచన ప్రబంధమనిరి. తరువాత మనము ఇంగ్లీషు మాటనుండి 'నవల'ను చేసికొంటిమి. వంగీయులును, హిందీవారును కల్పిత కథకు 'ఉపన్యాస'మను పేరు నిలుపుకొనిరి. మనకు మిగిలినది వేదిక.

వేదికనుండియే 'ఊకదంపుడు' పుట్టినది. రోలు రోకలి ఎరిగిన ఇండ్ల మాట యిది. ధాన్యము దంచినను ఊక దంచినను చప్పుడొక్కటే, చేతుల నొప్పియు నొక్కటే. చేటలోనికి బియ్యము రాదు, అంతే భేదము. ఇందు నిడివిపై నింద లేదని గమనింపుడు. తెల్లవార్లు హరికథకు కూర్చున్న జాతి మనది. ఆదిభట్ల నారాయణదాసుగారు గంటల తరబడి చెప్పినను ఎవరును ఊకదంపుడనలేదు.

రేడియో గదిలో వక్త యెదుట జనముండరు, గడియారముండును. శ్రోత మీట త్రిప్పిన చప్పుడు మాకు వినబడదు. అందుచేత ప్రసంగపు వ్రాతప్రతి చేతికి వచ్చినప్పుడు నేను రెండవ పుటనుండి చదివి చూతును. పలుమారులు విషయము అక్కడనే మొదలగును.