ఆరోవాడు ఎక్కడికి పోయాడు?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నాగర్‌కర్నూల్‌లో మన బడిలో సార్ నల్లబల్ల మీద చుక్కలు వరుసగా పెట్టి, ఘనపదార్థంలో పరమాణువులు ఉన్నచోటే వణుకుతుంటాయి గాని చోటు వదలవని చెప్పారు. లోపలి పొరలకు ఆ మాట చాలావరకు నిజం. పైపొర సంగతి వేరు. అది అర్థం కావడానికి నాకు రెండు నెలల కొలతలు ఖర్చయ్యాయి.

పరిశోధక విద్యార్థిగా ఉన్నప్పుడు ప్లాటినం స్ఫటికాన్ని శూన్యపు పాత్రలో పెట్టి చూసేవాణ్ణి. నేను తీసుకున్న ముఖంలో లోపలి పరమాణువులు చదరపు గళ్ళలో ఉంటాయి. శుభ్రమైన పైపొర మాత్రం షట్కోణపు అమరికలోకి మారి, సుమారు 20 శాతం ఎక్కువ పరమాణువులను ఇరికించుకుంటుంది. ఎలక్ట్రాన్లను పంపితే తెర మీద పడే చుక్కలు ఆ అమరికను చెబుతాయి. ఉదయం షట్కోణం, మధ్యాహ్నానికి చదరం! స్ఫటికం చెడిపోయిందనుకొని ఆ కొలతలన్నీ కొట్టేశాను.

చెడింది స్ఫటికం కాదు. పాత్రలో మిగిలిన కాసింత కార్బన్ మోనాక్సైడ్ దాని మీద చేరింది. ఇంటర్మీడియట్‌లో అధిశోషణం అని చదివామే, అదే ఇది. వాతావరణ పీడనంలో వంద కోట్లో వంతు వాయువు ఉన్నా కొన్ని సెకన్లలో ఉపరితలం నిండగలదు. మా పాత్రలో అంతకంటే చాలా తక్కువ కాబట్టి గంటలు పట్టింది.

అంటుకున్న వాయువు ఊరికే కూర్చోదు. కార్బన్ మోనాక్సైడ్‌కు చదరపు అమరిక మీద పట్టు ఎక్కువ. ఆ పట్టువల్ల కలిసివచ్చే శక్తే పైపొరను మళ్ళీ చదరంలోకి లాగుతుంది. సార్ రాకముందు ఐదుగురి బెంచీ మీద ఆరుగురం ఇరుక్కునేవాళ్ళం, గుర్తుందా? సార్ రాగానే ఎవరి చోట్లో వాళ్ళం, ఆరోవాడు లేచి నిలబడేవాడు. ఇక్కడా అంతే. మిగిలిన పరమాణువులు పొర పైకెక్కి చిన్న చిన్న దిబ్బలుగా చేరతాయి.

ఆక్సిజన్ కూడా ఉంటే కథ ఆగదు. చదరపు పొర మీద ఆక్సిజన్ సులువుగా అంటుకొని కార్బన్ మోనాక్సైడ్‌ను కార్బన్ డయాక్సైడ్‌గా మార్చేస్తుంది. ఉపరితలం ఖాళీ కాగానే మళ్ళీ షట్కోణం, మళ్ళీ మొదలు. ఈ ఊగిసలాటను గెర్హార్డ్ ఎర్ట్‌ల్ బృందం విప్పి చూపింది. ఉపరితల రసాయనశాస్త్రంలో చేసిన కృషికి ఆయనకు 2007లో నోబెల్ వచ్చింది.

మనకెందుకంటారా? మన వరి మడికి చల్లే యూరియాకు మూలం అమ్మోనియా. రామగుండం లాంటి కర్మాగారాల్లో అది తయారయ్యేది ఇనుప ఉత్ప్రేరకం మీదే. ఇనుప స్ఫటికంలో ఒక ముఖం మీద అమ్మోనియా మరో ముఖం మీదకన్నా నాలుగు వందల రెట్లు వేగంగా పుడుతుందని 1982లో అమెరికాలో కొలిచారు. పరమాణువుల వరుస మారితే ఎంత తేడా వస్తుందో చూడండి.

ఆ పాత నోటుబుక్కు ఇవాళ వెంట తెచ్చాను, ఎర్రసిరాతో కొట్టేసిన పేజీలతో సహా. మన బడి సైన్స్ గదిలో ఉంచమని ఇచ్చి వెళ్తున్నాను.