పాత గేర్ల సైకిల్‌కు వానాకాలపు రూపం

కొండదారుల కోసం తయారైన గేర్ల సైకిల్, అంటే మౌంటెన్ బైక్, మీ ఇంట్లో మూల పడి ఉందా? దాన్ని తుక్కుకు వేయకండి. వానలో కాలేజీకి వెళ్లే బండిగా మార్చుకోవచ్చు. అందుకు మీ సైన్సు పాఠాలే ఆధారం.

ముందు టైర్లు. బొడిపెల టైర్ మట్టిని పట్టుకుంటుంది. తారురోడ్డు మీద మాత్రం మీ శక్తిని వృథా చేస్తుంది. 1.5 అంగుళాల వెడల్పున్న నునుపు టైర్ వేయండి. 26 అంగుళాల పేరుతో వేర్వేరు కొలతలున్నాయి కాబట్టి, పాత టైర్ పక్కన 559 అని ఉంటే కొత్తదాని మీదా అదే అంకె చూసి కొనండి.

నునుపైతే తడిలో జారదా? లెక్క వేద్దాం. నీటి సాంద్రతను వేగవర్గంతో గుణించి సగం చేస్తే, నీరు కలిగించే పీడనం వస్తుంది. గంటకు 20 కిలోమీటర్ల వేగంలో అది సుమారు 15 కిలోపాస్కల్‌లు. టైర్‌లో గాలి పీడనం సుమారు 350. కాబట్టి నీరు టైర్‌ను పైకి లేపలేదు. అసలు ప్రమాదం రంగు గీతలు, ఇనుప మ్యాన్‌హోల్ మూతలు, తొలకరికి తేలే నూనె జిడ్డు. వాటి మీద హ్యాండిల్ తిప్పకండి, బ్రేకు వేయకండి.

చక్రం నుంచి విడిపోయిన నీటిబొట్టు స్పర్శరేఖ దిశలో ఎగురుతుంది. అందుకే పొడవైన మడ్‌గార్డులు కావాలి. ముందుదాని చివర పాత రబ్బరు ముక్క వేలాడదీస్తే పాదాలకు, చైన్‌కు బురద అంతగా తగలదు.

ఇక బ్రేకులు. తడిసిన రిమ్ మీద ఘర్షణ తగ్గుతుంది. ఉక్కు రిమ్ అయితే మరీ ఎక్కువగా. సెకనుకు 5 మీటర్ల వేగంతో వెళ్తున్నారనుకోండి. ఆ వేగం ప్రతి సెకనుకూ 4 మీటర్ల చొప్పున తగ్గితే సుమారు 3 మీటర్లలో ఆగుతారు. 2 మీటర్ల చొప్పునే తగ్గితే 6 మీటర్లు దాటుతుంది. ఎదుట ఒక పిల్లవాడు రోడ్డు దాటుతుంటే ఆ తేడా ఎంతటిదో ఆలోచించండి. అరిగిన బ్రేకు రబ్బర్లు మార్చండి. వానలో ముందుగానే మెల్లగా నొక్కి రిమ్ మీది నీటిని తుడవండి, ఆ తర్వాతే గట్టిగా పట్టండి.

ఇనుముకు నీరు, ఆక్సిజన్ తోడైతే తుప్పు. తడిసిన రోజునే చైన్‌ను తుడిచి, ఆరాక నూనె వేయండి. ఉక్కు ఫ్రేమ్‌లో అల్యూమినియం సీటు గొట్టం ఉంటే గ్రీజు పూసి దించండి. లేకపోతే వాననీటి వల్ల రెండు లోహాలూ విద్యుత్ ఘటంలా పనిచేసి బిగుసుకుపోతాయి. వెనుక ఎర్ర దీపం తప్పనిసరి.

చివరిగా ఒక మాట. అడుగు కనిపించని వరద నీటిలోకి మాత్రం ఏ సైకిల్‌తోనూ దిగకండి. కింద మూతలేని మ్యాన్‌హోల్ ఉండవచ్చు. ఆ రోజు ఆలస్యమైనా వేరే దారి పట్టండి.